సున్నకూ సున్నాకూ నడుమ: తెలుగు డిజిటల్ పాఠాల్లో సంకేత దోషాలు – పాఠ పరిష్కరణ దృష్టి

ఉపోద్ఘాతం

తాళపత్రం నుంచి కాగితానికి, రాతప్రతి నుంచి అచ్చుకు సాగివచ్చిన తెలుగు పాఠం గత మూడు దశాబ్దాలుగా కంప్యూటర్‌లోకి చేరుతున్నది. మాధ్యమం మారిన ప్రతిసారీ పాఠంలో కొంత పోతుంది, కొంత చేరుతుంది, కొంత మారుతుంది. మొదటి రెండు దశల్లో వచ్చిన మార్పులను మన పరిష్కర్తలు శ్రద్ధగా పట్టించుకున్నారు. కొంతకాలం రాజమహేంద్రవరంలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ అనేక ప్రతులు సేకరించి, పండితుల చేత పోల్చి చూపించి, 1829లో వేమన పద్యాలను వెలువరించిన నాటి నుంచి పాఠ పరిష్కరణ తెలుగులో ఒక విద్యగా ఎదిగింది. లేఖకుడు ధకారాన్ని థకారంగా ఎందుకు చదివాడో, ఒక పంక్తిని ఎందుకు దాటవేశాడో వివరించగల పరిజ్ఞానం మనకుంది. మూడవ దశలో వస్తున్న మార్పులను మాత్రం సాంకేతిక నిపుణుల పనిగా భావించి విడిచిపెట్టాం.

ఈ విభజన సరికాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. కంప్యూటర్‌లో అక్షరానికీ సంఖ్యకూ మధ్య జరిగే పొరపాటు ఒక కొత్త రకం లేఖక దోషం. దానికి కారణాలున్నాయి, లక్షణాలున్నాయి, గుర్తించే పద్ధతులున్నాయి. దాన్ని సవరించడానికి ప్రోగ్రాం రాయగలిగితే సరిపోదు. ఛందస్సు, వ్యాకరణం, లిపిచరిత్ర తెలియాలి. అందువల్ల అది తెలుగు శాఖల పనే.

సంకేత వ్యవస్థ – వారసత్వం

కంప్యూటర్ అక్షరాన్ని ఎరగదు. సంఖ్యను మాత్రమే ఎరుగుతుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్న ఒప్పందమే సంకేత వ్యవస్థ. భారతీయ లిపులన్నిటికీ ఒకే చట్రాన్ని ప్రతిపాదించిన ‘ఇస్కీ’ 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు, ఇస్కీ 1988 నాటి రూపాన్ని అనుసరించి తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. దేవనాగరి ‘క’ సంఖ్య 2325, తెలుగు ‘క’ సంఖ్య 3093, తేడా 768. రెండు లిపుల్లోనూ సమానమైన అక్షరాలకు ప్రాయికంగా ఇదే తేడా కనిపిస్తుంది. అంటే తెలుగు గదుల వరుస దేవనాగరి గదుల వరుసకు నకలు. తెలుగుకు అక్కర లేదనుకున్న గదులు ఖాళీగా మిగిలాయి. తెలుగుకు ప్రత్యేకమైన గుర్తులకు మొదట్లో గది దొరకలేదు.

తరువాతి చేర్పుల క్రమాన్ని గమనిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. బాలవ్యాకరణం తాలవ్య దంత్య భేదంతో చెప్పిన చ, జ లలో దంత్యాలకు విడి సంకేతాలు (ౘ, ౙ) 2008లో వచ్చాయి. శాసనభాషలో కనిపించే ‘ఴ’ 2014లో చేరింది. దేవనాగరి చట్రం కారణంగా దాని గది అంతకాలమూ ఖాళీగా ఎదురు చూసింది. శాసనాల్లోనే కనిపిస్తూ, కచ్చితమైన ఉచ్చారణ తేలని ‘ౚ’ 2015లోనూ, పాత అచ్చులో విరివిగా ఉన్న నకారపొల్లు ‘ౝ’ 2021లోనూ చేరాయి. కనుక ఒక డిజిటల్ పాఠంలో ఏదైనా గుర్తు లేకపోతే, అది మూలంలో లేదని వెంటనే తీర్మానించకూడదు. ఆ పాఠం ఏ సంవత్సరంలో టైపు చేశారన్నది ముందు తెలియాలి. తాళపత్రానికి లేఖన కాలం ఎంత ముఖ్యమో, డిజిటల్ ప్రతికి టైపు కాలం అంత ముఖ్యం.

దోష నిర్ణయం: మూడు లక్షణాలు

తెరపై తెలుగు చెడి కనిపించినప్పుడు సాధారణంగా మూడు రూపాలుంటాయి. వీటిని ఒకటిగా చూడడం వల్లనే సవరణలో తప్పులు జరుగుతున్నాయి.

మొదటిది, అక్షరాల స్థానంలో ఖాళీ పెట్టెలు కనిపించడం. ఇక్కడ పాఠం చెడలేదు. దాన్ని చూపడానికి తగిన ఫాంటు లేదు, అంతే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన తెలుగు ఫాంటుకు గోదావరి పాయ పేరు, ‘గౌతమి’ అని పెట్టారు. అలాంటి ఫాంటును చేర్చగానే పాఠం యథాతథంగా కనిపిస్తుంది. ఇది చదివేవాడి దీపం సమస్య, తాళపత్రం సమస్య కాదు.

రెండవది, అర్థం లేని లాటిన్ గుర్తుల వరుస. నేడు విస్తృతంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లుగా నిలువవుతుంది. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండవది 176 గాని 177 గాని. ఈ బైట్లను పాశ్చాత్య భాషల పాత పట్టిక ప్రకారం చదివితే, నెత్తిన వాలుగీత గల లాటిన్ ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో పదే పదే కనిపిస్తాయి. ఈ జంట కనబడితే అది చెడిన తెలుగేనని దాదాపు నిశ్చయించవచ్చు. ఇక్కడ రాత సరిగానే ఉంది. చదివే పట్టిక తప్పింది. తెలుగు ప్రతిని మరో లిపి అనుకొని చదివినట్లే. సరైన పట్టికతో మళ్ళీ చదివితే పాఠం తిరిగివస్తుంది.

అయితే దీనిలో ఒక మెలిక ఉంది. విండోస్ వాడిన పాశ్చాత్య పట్టికలో 129, 141, 143, 144, 157 అనే ఐదు సంఖ్యలకు ఏ గుర్తూ లేదు. కొన్ని ప్రోగ్రాంలు వీటిని అదృశ్య గుర్తులుగా నిలుపుతాయి, కొన్ని చెరిపేస్తాయి. తెలుగులో ఈ సంఖ్యలతో ముగిసే సంకేతాలు అరసున్న, కొమ్ము, పొల్లు, ఏ, ఐ, ఝ, నకారపొల్లు. పొల్లు పోతే సంయుక్తాక్షరాలన్నీ విడిపోతాయి. కొమ్ము పోతే ఉకారాంతాలన్నీ అకారాంతాలవుతాయి. శిథిలమైన మిగులు బైట్లను కూడా ఎవరైనా తుడిచేస్తే ‘పెద్దాపురము’ చివరికి ‘పెదదాపరమ’గా మిగులుతుంది. ఒక డిజిటల్ ప్రతిలో గుడులు, ఏత్వాలు నిలిచి ఉండి, పొల్లులు, కొమ్ములు, అరసున్నలు మాత్రమే లోపిస్తే, ఆ ప్రతి ఒకప్పుడు ఈ దారిన నడిచి వచ్చిందని ఊహించవచ్చు. ఏ పురుగు ఏ ఆకు తింటుందో తెలిసినట్లు, ఏ మార్పిడి ఏ అక్షరాన్ని తింటుందో పరిష్కర్తకు తెలియాలి.

మూడవది, వరుసగా ప్రశ్నార్థకాలు. తెలుగుకు చోటు లేని పట్టికలో పాఠాన్ని దాచినప్పుడు ఒక్కొక్క సంకేతం ఒక్కొక్క ప్రశ్నార్థకంగా మారుతుంది. ‘గోదావరి’ ఏడు ప్రశ్నార్థకాలవుతుంది. ఇక ఏ పట్టికతో చదివినా గోదావరి తిరిగిరాదు. శాసనంలో పగిలిన భాగం కొలతను బట్టి లుప్తాక్షరాల సంఖ్య ఊహించినట్లు, ప్రశ్నార్థకాల సంఖ్యను బట్టి లుప్తపాఠం నిడివిని మాత్రం చెప్పగలం. మొదటిదానికి సవరణ అక్కరలేదు, రెండవదానికి పునఃపఠనం చాలు, మూడవదానికి మరో ప్రతి కావాలి.

ఫాంటు యుగపు పాఠాలు

యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు, ఆ తరువాత చాలాకాలం కూడా, మన పుస్తకాలు డి.టి.పి. కేంద్రాల్లో ప్రత్యేక ఫాంట్లతో తయారయ్యాయి. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, భీమవరం ముద్రణాలయాల్లో అచ్చయిన కవితా సంపుటాలు, స్మారక సంచికలు, విశ్వవిద్యాలయాలకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు ఎన్నో ఈ కోవకు చెందుతాయి. ఈ ఫైళ్ళలో ఉన్నది తెలుగు అక్షరం కాదు, అక్షరపు ముక్కలు: తలకట్టు ఒకటి, గుడి ఒకటి, వత్తు ఒకటి. అవి లాటిన్ అక్షరాల స్థానాల్లో కూర్చున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి లాటిన్ అక్షరాలే. ఒక ఫాంటు సంస్థ పట్టికకూ మరొకదాని పట్టికకూ పొంతన లేదు.

వీటిని యూనికోడ్‌కు మార్చేటప్పుడు వరుస సమస్య వస్తుంది. ఫాంటు పాఠం కంటికి కనిపించే వరుసలో ఉంటుంది. యూనికోడ్ పలికే వరుసను కోరుతుంది. ‘స్త్రీ’లో పలికే వరుస స, త, ర, చివర ఈకారం. కనిపించే వరుసలో ముందు ‘సీ’, ఆ తరువాత వత్తులు. మార్పిడి ప్రోగ్రాం ఈ క్రమాన్ని సరిదిద్దకపోతే ‘సీ్త్ర’ వంటి రూపం పుడుతుంది. ఇలాంటి రూపాలు అంతర్జాలంలోని తెలుగులో తరచుగా ఎదురవుతాయి. తెలుగులో అచ్చు గుర్తు తరువాత పొల్లు రావడం అసాధ్యం గనుక, ఆ జంట కోసం వెతికితే దోషస్థలాలు వరుసగా దొరుకుతాయి. వర్ణక్రమం తెలిసిన విద్యార్థి ఈ నియమాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలడు. ప్రోగ్రాం రాసేవారికి కావలసిందీ ఆ ఒక్క వాక్యమే. భాషాజ్ఞానం సాంకేతిక పరిష్కారంగా మారే చోటు ఇది.

రూపసామ్య దోషం: సున్న, సున్నా

పై దోషాలు కంటికి కనిపిస్తాయి. కంటికి కనిపించని దోషాలే పరిశోధనకు ఎక్కువ ప్రమాదకరం. వాటిలో మొదటిది పూర్ణబిందువు ‘ం’ స్థానంలో తెలుగు అంకె ‘౦’ టైపు చేయడం. రెండూ గుండ్రనివే. మొదటిది 3074, రెండవది 3174. కన్ను వంద అంకెల తేడాను చూడలేదు. కంప్యూటర్ రూపంలోని పోలికను చూడలేదు. ‘న౦ది’ అని అంకెతో రాసిన ప్రతిలో ‘నంది’ కోసం వెతికితే ఫలితం శూన్యం. ఆ పదం ఆ కవి వాడలేదన్న నిర్ణయానికి పరిశోధకుడు రావచ్చు.

రెండవది వలపలగిలక. 19వ శతాబ్దపు అచ్చులో రేఫ సంయుక్తాన్ని ఈ గుర్తుతో చూపేవారు. దాని ఆకారం తెలుగు తొమ్మిది అంకె ‘౯’ను పోలి ఉంటుంది. పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్లు దించాలన్న శ్రద్ధతో కొందరు ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అని టైపు చేస్తారు. యూనికోడ్‌లో దీనికి న్యాయమైన మార్గం ఉంది: రేఫ, పొల్లు, ఆపైన ‘కలుపు’ గుర్తు (8205), దాని వెనుక మకారం. ఫాంటు సహకరిస్తే వలపలగిలకే కనిపిస్తుంది; సంకేతంలో రేఫ రేఫగా, పలికే చోటనే నిలుస్తుంది. అంకెతో రాసినప్పుడు రేఫ అదృశ్యమై, దాని ఆకారం మాత్రం మిగులుతుంది.

ఛందఃపరిశీలనకు వచ్చేసరికి ఈ దోషం తీవ్రత తెలుస్తుంది. గురులఘువులను గుర్తించి పద్యం జాతిని తేల్చే సాఫ్ట్‌వేర్లను నేడు పరిశోధకులు వాడుతున్నారు. ‘ధర్మము’ భగణం. ‘ధమ౯ము’లో అంకెను వదిలి లెక్కిస్తే మూడూ లఘువులే, అది నగణం. ‘నంది’లోని గురువు అంకె సున్నాతో లఘువవుతుంది. అరసున్న విషయంలో దోషం ఎదురు దిశలో నడుస్తుంది. నిఘంటువుల్లోని ‘అరఁటి’ నగణం. అరసున్నను నిండుసున్నగా మార్చే ప్రోగ్రాం చేతిలో పడితే ‘అరంటి’ అయి జగణమవుతుంది. కొత్తగా వచ్చిన నకారపొల్లు ‘ౝ’ను మామూలు హల్లుగా లెక్కించే ప్రోగ్రాం, ద్రుతాంతమైన చివరి గురువును రెండు లఘువులుగా చూపుతుంది. ఇలా పుట్టిన గణభంగాన్ని కవి మీద మోపడమో, దాన్ని తీర్చడానికి పదం మార్చడమో జరిగితే, టైపు దోషం కవి దోషమై, ఆపైన పాఠాంతరమై స్థిరపడుతుంది. రాజమహేంద్రవరంలో నన్నయ భారత రచనకు పూనుకొని దాదాపు వెయ్యేళ్ళు. ఇన్నేళ్ళ లేఖక పరంపర మిగిల్చిన సందేహాలకు తోడు అంకె సున్నా మిగిల్చే సందేహాలు కూడా చేరకూడదు.

ఏఱు, ఏఁడు: భేదమా, భారమా?

శోధన సౌలభ్యం కోసం శకటరేఫను సాధురేఫగా మార్చి, అరసున్నలను తొలగించి డిజిటల్ ప్రతులు తయారు చేయడం ఒక వాడుకగా ఉంది. ఆధునిక పాఠకుడికి ఇది హాయిగా ఉంటుంది. కానీ ‘ఏఱు’ నది. ‘ఏరు’ ఎంచి తీయడం. ‘ఏఁడు’ సంవత్సరం, ‘ఏడు’ సంఖ్య. ‘కఱి’ నలుపు, ‘కరి’ ఏనుగు. సులభీకరణ పేరుతో ఈ జంటలు ఒకటైతే పోయేది వర్ణక్రమ భారం మాత్రమే కాదు. అర్థభేదం, ద్రావిడ భాషల తులనాత్మక పరిశీలనకు ఆధారం, ప్రాసలో శకటరేఫ సాధురేఫల మైత్రిని పరీక్షించే అవకాశం కూడా పోతాయి.

పిఠాపురం సంస్థానాధీశుని పేర వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఈ భేదాలను పాటించిన గ్రంథం. అందులో అరసున్న లేకుండా సంవత్సరార్థక పదాన్ని వెతికేవారికి అది దొరకదు. దోషం నిఘంటువుది కాదు, వెతికేవారిదీ కాదు, శోధన పద్ధతిది. అకారాది క్రమంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. సంప్రదాయ వర్ణమాలలో హకారం తరువాత వచ్చే ‘ళ’, సంకేత సంఖ్యల వరుసలో ‘ల’ వెనుకనే, ‘వ’ కంటే ముందు ఉంటుంది. ‘క్ష’కు విడి సంఖ్య లేదు గనుక అది కకారంలో కలిసిపోతుంది. కంప్యూటర్ ఇచ్చిన క్రమాన్నే అకారాదిగా ముద్రించిన పదసూచిక తెలుగు క్రమంలో ఉండదు.

ఇందుకు పరిష్కారం పాఠాన్ని మార్చడం కాదు. పాఠ పొరనూ శోధన పొరనూ వేరు చేయాలి. పాఠంలో ‘ఏఁడు’ అలాగే ఉండాలి. వెతికే ప్రోగ్రాం మాత్రం ‘ఏడు’ అన్నా దాన్ని చూపాలి. మూలాన్ని పైన ఉంచి పాఠాంతరాలను అడుగున ఇచ్చే పరిష్కృత ముద్రణ సంప్రదాయానికి ఇది కొనసాగింపే.

ఒకే రూపం, భిన్న సంకేతాలు

కోనసీమలో ప్రవహించే గోదావరి పాయ ‘వైనతేయ’ పేరును తీసుకుందాం. ఇందులోని ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చునని యూనికోడే అంగీకరిస్తుంది: 3144 అనే ఒకే సంకేతంగా, లేదా ఎత్వం (3142), దాని కింది గుర్తు (3158) అనే రెండుగా. మొదటి పద్ధతిలో ఈ పదానికి ఆరు సంకేతాలు, రెండవ పద్ధతిలో ఏడు. తెరపై తేడా ఉండదు. నేరుగా పోల్చే ప్రోగ్రాం మాత్రం ఇవి రెండు వేర్వేరు పదాలంటుంది. పదాల పౌనఃపున్యాన్ని లెక్కించే పరిశోధనలో ఒకే పదం రెండు వరుసల్లో కనిపిస్తుంది. యూనికోడ్ నిర్దేశించిన ఏకరూపీకరణను ముందుగా జరపడమే దీనికి మందు.

అక్షరాలు అతకకుండా నిలిపే అదృశ్య గుర్తు (8204) విషయమూ ఇంతే. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో దాని అవసరం ఉంది. అక్కర లేనిచోట చేరితే శోధనను అడ్డుకుంటుంది. దీన్ని చిన్న విషయమని తోసివేయలేం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఐఫోన్లను స్తంభింపజేసిన ఉదంతం ప్రపంచమంతటా వార్త అయింది. జ, పొల్లు, ఞ, ఆపైన ఈ అదృశ్య గుర్తు, చివర దీర్ఘం. ఈ వరుసను చిత్రించలేక అనువర్తనాలు కూలిపోయాయి. ఆ నెల 19న ఆపిల్ సంస్థ 11.2.6 కూర్పుతో దాన్ని సరిచేసింది. అప్పట్లో వార్తలు తెలుగు అక్షరమే దోషి అన్నట్లు రాశాయి. నిజానికి దోషి అక్షరం కాదు. సంయుక్తాక్షరం, దానికి గుణింతం అనే మన లిపి స్వభావాన్ని పూర్తిగా పరీక్షించని ప్రోగ్రాం దోషి. తెలుగు లిపి సాధారణ ధర్మాన్ని అపవాదంగా చూసే దృష్టి మారాలంటే, ఆ ధర్మాన్ని స్పష్టంగా వివరించే రచనలు తెలుగు శాఖల నుంచే రావాలి.

కొన్ని ప్రతిపాదనలు

పై పరిశీలన నుంచి డిజిటల్ పాఠ పరిష్కరణకు ఈ నియమాలు సూచించవచ్చు. మొదటిది, చేతికి వచ్చిన ఫైలును మార్చకుండా మాతృకగా భద్రపరచి, సవరణలను నకలు మీద మాత్రమే చేయాలి. రెండవది, పాఠం ఏ కాలంలో, ఏ ఫాంటుతో, ఏ మార్పిడి ద్వారా వచ్చిందో పీఠికలో చెప్పాలి. తాళపత్ర ప్రతుల వర్ణనకు ఇచ్చే చోటు దీనికీ ఇవ్వాలి. మూడవది, అక్షరాల నడుమ అంకెలు, అచ్చు గుర్తు వెనుక పొల్లు, అక్కర లేని అదృశ్య గుర్తులు – ఈ మూడింటి కోసం ప్రతి పాఠాన్నీ పరీక్షించాలి. అయితే సవరణను ప్రోగ్రాంకే అప్పగించకూడదు. పద్యం మధ్య ‘౯’ వలపలగిలక కావచ్చు, నకారపొల్లు కావచ్చు, నిజంగా తొమ్మిదే కావచ్చు. ఆ తీర్పు ఛందస్సూ సందర్భమూ చెప్పాలి. నాలుగవది, తప్పును సవరించడం, భేదాన్ని చెరపడం వేర్వేరని గుర్తుంచుకోవాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లోని గోదావరి వాడుకను అక్షరదోష పరీక్షకు పెడితే యంత్రం సగం మాటలకు ఎర్రగీత గీయవచ్చు. ఆ గీతలను అనుసరించి దిద్దితే మిగిలేది శ్రీపాద భాష కాదు.

ఐదవది మన శాఖలకు నేరుగా సంబంధించినది. ఫాంటు యుగంలో తయారైన సిద్ధాంత గ్రంథాల ఫైళ్ళు ఎక్కడెక్కడో డి.టి.పి. కేంద్రాల పాత కంప్యూటర్లలో ఉన్నాయి. అవి తెరుచుకునే ఫాంట్లు, ప్రోగ్రాంలు ఒక్కొక్కటిగా వాడుక తప్పుతున్నాయి. ముద్రిత ప్రతి బీరువాలో ఉండవచ్చు. కానీ వెతకడానికి అందని గ్రంథాన్ని రేపటి పరిశోధకుడు లేనట్లే భావిస్తాడు, చేసిన పనినే మళ్ళీ చేస్తాడు. ఈ ఫైళ్ళను సేకరించి యూనికోడ్‌కు మార్చి, పై పద్ధతిలో పరీక్షించే పనిని స్నాతకోత్తర విద్యార్థుల లఘుపరిశోధనగా పెట్టవచ్చు. అది ఏకకాలంలో గ్రంథరక్షణా అవుతుంది, పాఠ పరిష్కరణలో శిక్షణా అవుతుంది.

ముగింపు

సంకేత వ్యవస్థను తటస్థమైన పెట్టెగా భావించడం సరికాదని, అది లిపిని గురించిన ఒక వ్యాఖ్యానమని ఈ వ్యాసంలో చూశాం. ఏ గుర్తు విడి అక్షరం, ఏది అదే అక్షరానికి మరో రూపం అన్న ప్రశ్న వర్ణనిర్ణయ ప్రశ్న. వైయాకరణులు చర్చించినదీ అదే. ఆ చర్చలో తెలుగు పండితుల పాత్ర తక్కువైన కాలంలో మన గదులు మరొక లిపి కొలతలతో నిర్మితమయ్యాయి. తరువాతి చేర్పులు ఆ లోటును కొంత తీర్చాయి. ఇక ఆ గదుల్లో ఏ అక్షరం నిలిచింది, ఏ అంకె అక్షరం వేషంలో చేరింది అని పరిశీలించే బాధ్యత పరిష్కర్తది. వావిళ్ళ ప్రతిని నమ్మే ముందు మూలంతో సరిచూసినట్లే, తెరపై కనిపించే ప్రతిని నమ్మే ముందు దాని సంఖ్యలను సరిచూడడం ఇకపై పరిశోధన మర్యాదలో భాగం కావాలి.